235 ఆ, 265 ఆ? రేగడి డొంకలో రెండూ దిగబడ్డాయి

ఈసారి కూడా బండిని ట్రాక్టరే బయటికి లాగింది. సన్న టైరు బురదను కోసుకుంటూ పోయి కింద గట్టి నేలను పట్టుకుంటుందని ఒక వర్గం, వెడల్పు టైరు బురద మీద తేలుతుందని ఇంకో వర్గం ఎప్పటినుంచో కొట్టుకుంటున్నాయి. నంద్యాల పక్కన మా చేనికి పోయే డొంకలో ఆ రెండు మాటలూ ఒకే పొద్దున తేలిపోయాయి. ఒళ్ళంతా బురద, ఒకటే చిరాకు. అయినా చేతిలో కొలతలున్నాయి కాబట్టి రాసి పెడుతున్నాను.

బండి మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్ పికప్, ఫోర్ వీల్ డ్రైవ్. దానితో వచ్చే టైర్లు 255/60 ఆర్18 (మొదటి అంకె మి.మీ.లో వెడల్పు, చివరిది అంగుళాల్లో డిస్కు సైజు), లెక్క ప్రకారం ఎత్తు 763 మి.మీ. సస్పెన్షన్ మీద బండిని రెండంగుళాలు పైకి లేపించి (లిఫ్టు), 7 అంగుళాల వెడల్పున్న 16 అంగుళాల స్టీలు డిస్కులు వేశాను. వాటి మీద నావి 235/85 ఆర్16. పోల్చి చూద్దామని బావమరిది దగ్గర 265/75 ఆర్16 సెట్టు తెచ్చుకున్నాను. ఎత్తు ఒకటి 806, ఇంకొకటి 804. రెండు సెట్లూ ఒకే కంపెనీవి, ఒకే మడ్ టెరైన్ (బురద కోసం చేసిన) నమూనా, రెండూ పది ప్లై రేటింగువి, అంటే గోడలు బాగా గట్టివి, అరుగుదల కూడా దాదాపు సమానం. అంటే తేడా అల్లా 30 మి.మీ. వెడల్పే.

పాడేరు వైపు ఎర్రమట్టి దారుల్లో 235 బ్రహ్మాండంగా పోయింది, అక్కడ బురద కింద రాయి ఉంటుంది మరి. పెన్నా ఇసుకలో 14 పౌండ్లకు గాలి దించాక రెండు సెట్లూ ఇబ్బంది పెట్టలేదు.

ఇక డొంక సంగతి. కె.సి. కెనాల్ ఊట నీళ్ళు చేరే పల్లం అది, పొడవు 60 మీటర్లు. హస్త కార్తె వానలు పడ్డాక అంతా నల్లరేగడి ముద్ద. దిగే ముందు పలుగుతో పొడిచి చూశాను. 70 సెం.మీ. లోపలికి పోయినా టంగుమన్న చప్పుడు లేదు, అడుగంతా అదే మట్టి. రేగడిలో ఉండే బంక ఖనిజం నీళ్ళు తాగి ఉబ్బుతుంది, తడిసేకొద్దీ పట్టు వదిలేస్తుంది. గట్టి నేల అందుతుందనే సన్న టైరు సిద్ధాంతానికి ఇక్కడ ఆధారమే లేదు. అయినా చూద్దామని దింపాను.

ముందు 235. నాలుగు టైర్లలోనూ 18 పౌండ్లు, ఫోర్ లో (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో తిరిగే అమరిక), రెండో గేరు. ట్రాక్టర్లు తొక్కిన పాత గాడిలోనే పోనిచ్చాను. 22 మీటర్ల దగ్గర ఆగిపోయింది. వెనక్కి వచ్చి ఐదేసి మీటర్లకు గాడి లోతు కొలిస్తే వరసగా 9, 14, 20, 24 సెం.మీ. ఆ చివరి 24 దగ్గరే కథ ముగిసింది. మామూలు టైర్లతో వెనక డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే గేర్ల డబ్బా) కింద నేను కొలిచిన ఖాళీ 225 మి.మీ. ఎత్తు టైరుతో ఇంకో 21 పెరగాలి. గాలి దించాక టైరు నొక్కుకోవడంతో అందులో 10 పోయి 236 తేలింది. గాడి 240 అయ్యేసరికి డిఫరెన్షియల్ గాడుల మధ్య గట్టు మీద కూర్చుంది. చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి, బండి మాత్రం నాగలిలా దున్నడం మొదలుపెట్టింది.

ట్రాక్టరుతో లాగించి, గట్టు మీదే చక్రాలు మార్చి 265 దింపాను. అవే 18 పౌండ్లు, అదే గేరు. పాత గాడి పాడైపోయింది కాబట్టి ఒక బారెడు పక్కకు జరిగి కొత్త నేల మీద పోనిచ్చాను. ఇది 31 మీటర్లు పోయింది. గాడి లోతు 6, 10, 13, 17, ఆగిన చోట కూడా 17. డిఫరెన్షియల్ కింద ఇంకా ఖాళీ ఉంది, అయినా కదలదు! దిగి చూస్తే టైరు మీద పట్టు కోసం ఉండే గాళ్ళే కనబడలేదు. బంక నిండిపోయి నున్నగా నిగనిగలాడుతోంది. అది చాలదన్నట్టు, పత్తి కంపతో కలిసిన మట్టి ముందు ఎడమ చక్రానికీ లోపలి ప్లాస్టిక్ లైనరుకీ మధ్య బిగుసుకుపోయింది. లైనరు క్లిప్పులు రెండు ఊడొచ్చాయి. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు అక్కడ 265 కి ఉండే సందు 26 మి.మీ., 235 కి 41. పారతో గీకి తీసిన మట్టిని దాణా తూచే కాటా మీద పెడితే ఆ ఒక్క చక్రం దగ్గరే 19 కిలోలు వచ్చింది.

మరి వెడల్పు టైరు తేలినట్టేనా? నాకు నమ్మకం లేదు. ఇంటికొచ్చాక టైరుకు రంగు పూసి, అట్టముక్క మీద దింపి అచ్చు తీశాను. 18 పౌండ్ల దగ్గర ముందు చక్రానికి 235 అచ్చు 17 × 26 సెం.మీ., 265 ది 20 × 22. గుణిస్తే 442, 440. గాలి ఒకటే అయినప్పుడు నేలను తాకే జాగా కూడా ఒకటే, ఆకారమే మారింది. వేబ్రిడ్జి మీద ముందు ఇరుసు బరువు 1,120 కిలోలు, అంటే చక్రానికి 560. రెండు సైజుల్లోనూ చదరపు సెంటీమీటరుకు 1.27 కిలోలే, అది సరిగ్గా 18 పౌండ్లు. వెడల్పు టైరుతో బరువు ఎక్కువ జాగాలో పరుచుకుంటుందనే మాట గాలి బాగా దించినప్పుడే నిజమవుతుంది. ఐస్‌లాండ్‌లో మంచు మీద 38 అంగుళాల టైర్లను మూడు నాలుగు పౌండ్లతో నడుపుతారు, వెడల్పు లాభమంతా అక్కడుంది. 18 పౌండ్లతో 265 వేసి తేలుతున్నాం అనుకోవడం సోకే.

మరి గాడి 17 దగ్గరే ఎందుకు ఆగింది? ఒకటి, కొత్త నేలలో గడ్డి వేళ్ళున్నాయి, పాత గాడిలో మట్టి ముందే పిసికినట్టుంది. రెండోదే అసలుదని నా అనుమానం. గాళ్ళు పూడిపోయిన టైరు తవ్వలేదు, ఉన్నచోటే జారుతుంది. 235 కి గాళ్ళు కొంతవరకు తెరుచుకునే ఉన్నాయి కాబట్టి అది తవ్వుకుంటూ దిగిపోయింది. అంటే లోతు తక్కువ కావడం తేలడం వల్ల కాదు, పట్టు లేకపోవడం వల్ల.

వెనక చక్రాల అచ్చు ఇంకా ఆశ్చర్యం. పికప్ వెనక సామాను వేసే ట్రాలీ ఖాళీగా ఉంటే వెనక చక్రం మీద పడే బరువు 430 కిలోలే. 235 అచ్చు 17 × 17, అంటే 289. లెక్కేస్తే 1.49, దాదాపు 21 పౌండ్లు. బరువు తక్కువున్న వెనక చక్రమే నేలను ఎక్కువ గుచ్చుతోంది! పది ప్లై గోడలు ఇంత తక్కువ బరువుకు నొక్కుకోవడం లేదు. ముందు చక్రం చేసిన గాడిలోనే వెనకది పడి ఇంకా లోతు చేస్తుంది, డిఫరెన్షియల్ ఉన్నదీ వెనకే. ఇసుక కోసం గాలి దించేటప్పుడు నాలుగింటికీ ఒకే లెక్క పెట్టే అలవాటు చాలామందిది. ఖాళీ పికప్‌కు అది తప్పని ఇప్పుడు గట్టిగా చెబుతాను.

ట్రాక్టరు తెచ్చిన పెద్దాయన మాత్రం తాడు విప్పుతూ, "రెండు దినాలు ఆరనీ అప్పా, ఏ చక్రమేసినా పోతాది" అన్నాడు. ఆయన రేగడి పిడికెడు తీసి పిసికి వదిలితే ముద్ద చేతికి అంటుకోకూడదు, అదీ ఆయన పరీక్ష. నా పీడనం గేజీ కంటే అదే నమ్మకంగా ఉందని ఒప్పుకోవాలి.

రోజూ తిరగడానికైతే నా ఓటు 235 కే. స్టీరింగు తేలిగ్గా ఉంటుంది, వాన నీళ్ళలో రోడ్డు పట్టు బాగుంది, లైనరుకు తగలదు. పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్ 110 కి కూడా ఇదే సైజు వచ్చేది, ఊరికే కాదు. రాళ్ళ దారులే ఎక్కువుంటే మడ్ టెరైన్ జోలికి పోకుండా బీఎఫ్ గుడ్రిచ్ కేఓ2 ఆల్ టెరైన్ (అన్ని దారులకూ పనికొచ్చే) టైర్లు వేసుకోండి, పక్క గోడల గట్టితనంలో దానికి సాటి నేను చూడలేదు. స్పీడోమీటరు 60 చూపిస్తే అసలు వేగం 63 పైనే, అది మనసులో పెట్టుకోవాలి. బండిలో మార్పులకు హద్దులు పెట్టే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, ఇన్సూరెన్సు తకరారు కూడా ఉన్నాయి కాబట్టి పాత 18 అంగుళాల సెట్టు అమ్మకుండా ఉంచుకున్నాను.

ఇకమీదటి పని టైరు వెడల్పు మీద కాదు, గాళ్ళ వెడల్పు మీద. పాత 235 టైరు ఒకటి తీసుకుని, పక్కనున్న గాళ్ళను గ్రూవింగ్ షాపులో ఇంకా వెడల్పుగా కోయించి, బంక వదులుతుందో లేదో చూడాలి. వెనక 12 పౌండ్లకు దించి, ట్రాలీలో ఇరుసు మీద పడేలా ఇసుక బస్తాలు 150 కిలోలు వేసి మళ్ళీ అచ్చు తీస్తాను. 12 కంటే దించితే టైరు డిస్కు అంచు నుంచి ఊడుతుందనే టెన్షన్. ఇంకో ఆలోచన, చిన్న లారీలకు వేసే 7.50-16 లగ్ టైరు. ఎత్తు ఇంచుమించు ఇదే, వెడల్పు ఇంకా తక్కువ, ట్రాక్టరు టైరులా సందులు బారుగా ఉంటాయి. దానికి ఆరంగుళాల డిస్కు కావాలి, అదీ ఆరు బోల్టులు, 139.7 మి.మీ. పీసీడీలో (బోల్టు రంధ్రాల వలయం వ్యాసం). నవంబరు వాయుగుండాలు వచ్చేలోపు విజయవాడ ఆటోనగర్‌లో పాతవి వెతకాలి. దొరక్కపోతే ముందు గ్రూవింగ్ పని కానిస్తాను.