మన్ననూరు గేటు ముందు ఒక రాత్రి

పన్నెండు నిమిషాలు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే అడవి దారిలో మేము మన్ననూరు చెక్‌పోస్టు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటి పన్నెండు నిమిషాలైంది. అడవి జంతువుల కోసం రాత్రిళ్లు బండ్లను ఆపే గేటు దించేశారు. ఉదయం ఆరు దాకా ఎత్తరు. కల్వకుర్తి దగ్గర టైరు పంక్చరు కాకపోతే ఈపాటికి దోమలపెంట దాటేవాళ్లం. శ్రావణ సోమవారం తెల్లవారుజామునే మల్లన్న దర్శనం చేయించాలని అమ్మకు మాట ఇచ్చాను. గేటు దగ్గర గట్టిగానే వాదించాను. పెద్దావిడ ఉంది, హైదరాబాద్ నుంచి వస్తున్నాం అన్నాను. అక్కడున్న వాచరు కోప్పడలేదు. "అంబులెన్సుకైతే తీస్తాం సార్" అని మాత్రం అన్నాడు.

ఊళ్లో మిగిలిన ఒకే ఒక్క గదికి పదిహేను వందలు అడిగారు. గడియ సరిగా పడని తలుపుకు అంత డబ్బా అని మనసు గింజుకుంది, కానీ అమ్మ నడుము నొప్పి గుర్తొచ్చి ఇచ్చేశాను. నిద్ర పట్టక పదకొండింటికి మళ్లీ గేటు దగ్గరికి వచ్చి కూర్చున్నాను. సన్నగా కురిసిన వాన వెలిసింది.

వాచరు చెంచు. యాభై ఏళ్లుంటాయి. అడవి లోపలి పెంటలో, అంటే చెంచుల గూడెంలో పుట్టాడట. పులిని చూశావా అని నేను మొదట అడిగాను. చూశానన్నాడు, కానీ ఆ మాట అక్కడే వదిలేశాడు. "పులి సంగతి అందరూ అడుగుతారు సార్. పాము చస్తే ఎవరూ అడగరు" అన్నాడు. పగలంతా ఎండకు కాగిన తారు రాత్రి కూడా వెచ్చగా ఉంటుంది, ఆ వెచ్చదనం కోసం పాములు రోడ్డు మీదికి వచ్చి పడుకుంటాయి. లైట్లు కళ్లలో పడితే దుప్పి పరుగెత్తదు, కదలకుండా నిలబడిపోతుంది. రాత్రి బండ్లు తిరిగిన రోజుల్లో తెల్లవారేసరికి రోడ్డు మీద ఏముండేదో ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చాడు. పునుగుపిల్లి, కుందేలు, ముళ్లపంది, కొండచిలువ. చెబుతున్నంతసేపూ చెయ్యి గేటు గడ మీదే ఉంది.

ఆ నిశ్శబ్దం నేను ఈ దారిలో ఎప్పుడూ వినలేదు. నాన్నతో ఎన్నిసార్లు వచ్చినా మాకు తెలిసింది హారన్లూ, మలుపుల్లో అమ్మ వాంతులూ, వటవర్లపల్లి దగ్గర టీ. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు అని బోర్డు మీద చదివితే చాలా పెద్దది అనిపిస్తుంది. కానీ ఈ రోడ్డు దాన్ని నిలువునా చీల్చుకుని పోతోంది. రోజులో ఈ తొమ్మిది గంటలే అటుదీ ఇటుదీ ఒకే అడవి.

రెండేళ్ల కిందట కాశీకి కారులో వెళ్లినప్పుడు నాగపూర్ దాటాక పెంచ్ అడవి మీదుగా 44వ నంబరు జాతీయ రహదారిలో పోయాం. అక్కడ మహారాష్ట్ర వైపు జంతువులు కింద నుంచి దాటడానికి తొమ్మిది వంతెనలు కట్టారు. వాటి మీదుగా పోతున్నామని అప్పుడు మాకు తెలియనే లేదు. 2019లో పది నెలల పాటు కెమెరాలు పెట్టి చూస్తే పదకొండు పులులు మొత్తం 89 సార్లు ఆ వంతెనల కింద నుంచి దాటాయి. మన్ననూరు నుంచి శ్రీశైలం దాకా కూడా ఎలివేటెడ్ కారిడార్, అంటే స్తంభాల మీద పోయే రోడ్డు ప్రతిపాదన ఉంది. నాకు ఆశ ఉంది, అంతకంటే భయం ఎక్కువ ఉంది. పెంచ్ దారి చాలావరకు తిన్నగా పోతుంది, ఇది కొండల్లో మెలికలు తిరిగే దారి. స్తంభాలు లేచే ఆ కొన్నేళ్లూ లారీల మోతకు జంతువులు ఎటు పోతాయి? కట్టాక రాత్రి గేటు తీసేస్తే పైన పరుగెత్తే బండ్ల వెలుగూ హోరూ కింద పడవా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు దొరికే దాకా నాకు గేటే మేలనిపిస్తోంది.

ఆరింటికి గేటు లేచింది. అప్పటికి మా వెనుక అరవై బండ్లకు తక్కువ లేవు. నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఆ తర్వాతి గంట. దుప్పులు మేతకు బయటికి వచ్చే వేళ కూడా అదే, మనం పందెం వేసుకున్నట్టు దూసుకుపోయే వేళ కూడా అదే. వేగం తగ్గించమనే బోర్డుల పక్కనే, మలుపులోనే నన్ను ముగ్గురు దాటేశారు.

అమ్మ కోతులకని హైదరాబాద్‌లోనే రెండు డజన్ల అరటిపళ్లు కొన్నది. శ్రావణం కాబట్టి డజను వంద రూపాయలు. ఆంజనేయుడికి పెట్టినట్టే అని ఆవిడ నమ్మకం, నాన్న కూడా అలాగే పెట్టేవాడు. వటవర్లపల్లి దాటాక ఒక మలుపులో కోతుల గుంపు కనిపించి, అమ్మ అద్దం దించబోయింది. రోడ్డు మధ్యలో ఒక పిల్లకోతి పడి ఉంది. దాని చుట్టూ అరటి తొక్కలు, చిప్స్ సంచులు. తల్లి దాని చెయ్యి పట్టుకుని లాగుతోంది. ఎదురుగా బస్సు వస్తే వదిలి పక్కకు దూకింది, బస్సు పోగానే మళ్లీ వచ్చి లాగింది.

అమ్మ అద్దం పైకెత్తింది. శ్రీశైలం దాకా ఒక్క మాట మాట్లాడలేదు.

దర్శనానికి నాలుగు గంటలు పట్టింది. చీకటి పడకముందే అడవి దాటాలని మూడింటికే తిరుగు ప్రయాణమయ్యాం. మన్ననూరులో ఆ వాచరు డ్యూటీలో లేడు. అమ్మ కారు దిగి, టీ కొట్టు దగ్గర ఆడుకుంటున్న పిల్లలను పిలిచి అరటిపళ్ల సంచి వాళ్ల చేతికిచ్చింది. "తొక్కలు రోడ్డు మీద వేయకండి నాన్నా" అని రెండుసార్లు చెప్పింది.