పుర్రచేతి సర్వీసు

పొద్దంతా మామూలే. ఎండలో తిరిగి తిరిగి అయిదు గంటలకు ఇల్లు చేరాను. ఏప్రిల్‌లో నల్లగొండ ఎండ గురించి కొత్తగా రాసేదేముంది, లతీఫ్ సాహెబ్ గుట్ట చీకటి పడ్డాక కూడా సెగ కక్కుతుంది. ఆరు కావస్తుండగా పక్కింటి వెనక నీడ పరుచుకుంది. అప్పటికే బిడ్డ బంతి పట్టుకుని గోడ ముందు నిలబడి ఉంది.

ఆ గోడకు కిటికీలు లేవు. ముందు కాస్త మేర కాంక్రీటు పోసి ఉంది. ఇంటాయన్ను అడిగితే ఆడుకోమన్నాడు. వారం కింద మా తమ్ముడు అమెరికా నుంచి వీడియో కాల్‌లో న్యూయార్క్ పార్కు ఒకటి చూపించాడు. అక్కడ ఒంటరిగా నిలబెట్టిన గోడకు పిల్లలూ పెద్దవాళ్లూ చేత్తో బంతి కొడుతున్నారు. ఈ ఆట పేరు హ్యాండ్‌బాల్. ఆ నగరం పార్కుల్లో ఇలాంటి కోర్టులు 2,000కు పైగా ఉన్నాయట. ఐర్లాండ్ నుంచి వలస వెళ్లినవాళ్లు ఈ ఆటను అమెరికాకు పట్టుకెళ్లారు. అది చూసిన రోజు నుంచి మా ఇంట్లో వేరే ఆట లేదు.

ఒంటిగోడ కోర్టుకు గోడ 20 అడుగుల వెడల్పు, 16 అడుగుల ఎత్తు ఉండాలి. నేల 34 అడుగుల పొడవు, గోడ నుంచి 16 అడుగుల దగ్గర అడ్డగీత. మాకున్న కాంక్రీటు 24 అడుగులే, అందుకే అడ్డగీతను 11 అడుగుల దగ్గర చాక్‌పీసుతో గీశాం. ఆ గీత వెనక నిలబడి బంతిని ఒకసారి నేలకేసి, లేచినప్పుడు అరచేత్తో గోడకు కొట్టాలి, అదే సర్వీసు. తిరిగొచ్చే బంతి గీత దాటి పడాలి. అవతలివాళ్లు అది రెండోసారి నేల తగలకముందే మళ్లీ గోడకు కొట్టాలి, కొట్టాక గోడ చేరేలోపు నేల తగలకూడదు. సర్వీసు చేసేవాళ్లకే పాయింటు. ఎదుటివాళ్లు గెలిస్తే వాళ్లకు సర్వీసు మాత్రమే వస్తుంది. 21 పాయింట్లకు గేమ్.

రాకెట్ ఉన్న ఆటలో ఎడమవైపు బంతికి బ్యాక్‌హ్యాండ్ ఉంది, కుడిచేతినే అటు తిప్పి కొట్టొచ్చు. ఇక్కడ ఆ దారి లేదు, ఎడమవైపు వస్తే ఎడమ చేతితోనే కొట్టాలి. ఈ సంగతి నాకు ఇవాళ బాగా తెలిసొచ్చింది. నా ఎడమ చెయ్యి బంతికి తగులుతుంది కానీ బంతి గోడదాకా పోదు.

నా బిడ్డది పుర్రచేతి వాటం. చిన్నప్పుడు కంచంలో ఆ చెయ్యి పెడితే మా అమ్మ ఊరుకునేది కాదు. "వద్దు బిడ్డా, పుర్రచేత్తోటి తినరు" అని చెయ్యి పట్టుకుని మార్పించేది. పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగేవి. నేను పక్కనే కూర్చుని ఒక్క మాటా అనలేదు. అది నాకు ఇప్పటికీ బాధే. రాత మాత్రం ఎడమ చేతిదే, దాని జోలికి ఎవరినీ పోనివ్వలేదు.

ఇవాళ చూస్తే దాని రెండు చేతులూ ఆడుతున్నాయి. కుడివైపు వేస్తే కుడిచేత్తో, ఎడమవైపు వేస్తే మరింత గట్టిగా. 18-18 దగ్గర అది సర్వీసు నా ఎడమ పక్కకు, అంచు గీత వెంబడే పంపింది. అందుకోలేకపోయాను. ఆ తర్వాతది గోడకు జానెడు ఎత్తున తగిలి నేల మీద దొర్లుకుంటూ వచ్చింది. అంత కిందికి కొడితే ఎవరూ తీయలేరు, ఈ ఆటలో అందరూ కోరుకునే దెబ్బ అదే. చివరి పాయింటూ దానిదే, 21-18.

అమ్మ అరుగు మీద కూర్చుని అంతా చూసింది. "ఏ చేత్తోటి కొట్టినవే?" అని అడిగింది. "రెండిట్తోటి, నానమ్మా" అంది పిల్ల. అమ్మ ఇంకేమీ అడగలేదు, లోపలికి పోయి నీళ్ల చెంబు తెచ్చి దానికిచ్చింది.

నా ఎడమ అరచెయ్యి ఇంకా మండుతోంది. రేపటి నుంచి పొద్దున్నే పావుగంట ఆ చేత్తో ఒక్కణ్నే కొట్టాలి. చాక్‌పీసు గీత అప్పుడే సగం చెరిగిపోయింది, ఈసారి ఇటుక ముక్కతో గియ్యాలి.