తాతయ్య నోటుబుక్కులో మా ఇంటి జబ్బు

టీబీ మందుల కోర్సు పూర్తయింది, కళ్లె పరీక్షలో ఇక ఏమీ లేదన్నారు, కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను.

మొదట చూసిన ప్రైవేటు డాక్టరు నెలల తరబడి దగ్గు సిరప్పులు మార్చి మార్చి రాశాడు తప్ప ఒక్కసారి కూడా కళ్లె పరీక్ష చేయించలేదు. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

రక్తం పడిన రాత్రి మాత్రం మర్చిపోలేను. వాష్‌బేసిన్‌లో తెల్లటి నురగ, అందులో ఎర్రటి చారలు, ఇంకోసారి దగ్గితే అంతా ఎరుపే. అమ్మ నా వీపు నిమురుతూ ఏడుస్తోంది. గుమ్మంలో నిలబడ్డ మేనత్త, "ఇది మన వంశంలో ఉన్నదే వదినా, మా చిన్న మేనత్త కూడా ఇలాగే పోయింది" అంది. రక్తం కన్నా ఆ మాటకే ఎక్కువ భయపడ్డాను, తెల్లవార్లూ కన్ను మూతపడలేదు.

పొద్దున్నే ప్రభుత్వాసుపత్రికి వెళ్లాం, ఎక్స్‌రే, కళ్లె, మందులు, అన్నీ ఉచితంగానే అయ్యాయి. మందు మొదలెట్టగానే మూత్రం ఎర్రగా వస్తే హడలిపోయాను. అక్కడి సిస్టరు "అది రిఫాంపిసిన్ అనే టీబీ మందు రంగేనమ్మా, ఏం కాదు" అని నవ్వింది. ఆవిడ చల్లగా ఉండాలి.

కాస్త ఓపిక వచ్చాక తాతయ్య జాతకాల నోటుబుక్కు తీశాను. ముత్తాత పేరు పక్కన రాజయక్ష్మ అని ఉంది, అంటే ఈ టీబీయే, ఆయన పెద్ద కొడుకు పక్కన జీర్ణజ్వరం, అంటే ఎన్నాళ్లకీ తగ్గని జ్వరం. 1946లో పోయిన చిన్న కూతురి పక్కన, మేనత్త చెప్పింది ఈమె గురించే, ఉత్త "దగ్గు" అనే ఉంది, ఇంట్లో ఇంకా పెళ్లి కావాల్సిన ఆడపిల్లలుంటే క్షయ అని ఎవరు రాస్తారు? ఇంటికి శాపమనుకుని ఇల్లే అమ్మేశారట. శాపమూ కాదు, వంశమూ కాదు, తలుపులు మూసిన గదిలో ఒకరి దగ్గు గాలిలో కలిసి పక్కవాళ్లకి అంటుకుంది, అంతే. ఆ క్రిమిని జర్మన్ డాక్టరు రాబర్ట్ కోచ్ 1882లోనే చూపించాడు. టీబీకి పనిచేసే స్ట్రెప్టోమైసిన్ మందు కూడా 1943లోనే కనిపెట్టారు, మా ఊరి పిల్ల దాకా అది రాలేదు. అప్పట్లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియంకి, అంటే టీబీ ఆసుపత్రికి, పంపినా మంచి గాలి, తిండి, విశ్రాంతి, వాటి మీదే ఎక్కువ ఆశ.

కంచాల వల్ల అంటదని సిస్టరు చెప్పినా మేనత్త నా కంచం వేరు పెట్టింది. మళ్లీ ఆవిడే నా పేరున ముడుపు కట్టి, మోకాళ్ల నొప్పులతో కాలినడకన తిరుమల కొండెక్కింది. ఆ స్వామి దయ కూడా ఉందనే నేను నమ్ముతాను. కంచం సంగతి మాత్రం ఇంకా మనసులోనే ఉంది.

దగ్గు రెండు వారాలు దాటితే, డాక్టరు రాయకపోయినా సరే, కళ్లె పరీక్ష మీరే అడిగి చేయించుకోండి.