ఏడు నుంచి నాలుగుకి

నా ఎక్స్‌పల్స్ బైక్‌కి సైలెన్సర్ మార్చింది నేనే, కాబట్టి తిట్టుకోవాల్సిందీ నన్నే. థ్రాటిల్ వదిలితే చాలు పట్‌పట్‌మని పేలుడు. రెండో గేర్‌లో నెమ్మదిగా పోనిస్తే కుదుపులు. గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అన్నమాట.

ఫ్యూయల్ ట్యూనర్ కొని సీటు కింద బిగించాను. పొగలో ఆక్సిజన్ చూసే సెన్సార్‌కీ, పెట్రోల్ ఎంత పోయాలో చెప్పే ఇంజిన్ కంప్యూటర్ ఈసీయూకీ మధ్య కూర్చుని 'ఇంకాస్త పెట్రోల్ పొయ్యి' అని నమ్మబలికే బుల్లి డబ్బా అది. ఎంత పోస్తే అంత పవర్ అనుకుని (నెయ్యి లెక్క!) నేరుగా ఏడో మ్యాప్ పెట్టేశా. మ్యాప్ అంటే పెట్రోల్ మోతాదు సెట్టింగ్, నంబర్ పెరిగితే పెట్రోలూ పెరుగుతుంది.

ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే బండి దగ్గడం మొదలెట్టింది. వెనక పచ్చి పెట్రోల్ వాసన. ఓ టీకొట్టు దగ్గర ఆపి, ఇంజిన్ చల్లారేదాకా రెండు టీలు తాగి, స్పార్క్ ప్లగ్ విప్పి చూద్దును కదా, కాటుక పట్టినట్టు నల్లగా మసి! బట్టతో తుడిచి, మ్యాప్ నాలుగుకి దించాను.

అరకు వెళ్లొచ్చాక మళ్లీ విప్పితే ప్లగ్ కొస బిస్కెట్ రంగులో ఉంది. అదీ కావలసింది. కుదుపులు పోయాయి. దిగుడులో ఒకటీ అరా పట్‌పట్ ఇంకా ఉంది, పోనీలే అని వదిలేశా.

లీటరుకి నాలుగు కిలోమీటర్లు తగ్గిన సంగతి మాత్రం ఇంట్లో ఇంకా చెప్పలేదు.