సెంటుకు రెండు

2023 మార్చిలో ఉద్యోగం పోయిన మర్నాటి నుంచి నేను రోజూ తొమ్మిదింటికల్లా లాప్‌టాప్ సంచి భుజాన వేసుకొని, ఆఫీసుకు వెళ్ళే మనిషిలాగానే బయలుదేరి, కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్‌లో మా ఇంటి దగ్గరి చిన్న లైబ్రరీలో కూర్చునేవాణ్ణి. 1918లో వెలసిన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో పుస్తకాలు తిరగేస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి కాళ్ళు అటే నడిచాయి కాబోలు. హెచ్-1బి అనే అమెరికా ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకు కొలువు పోయాక ఉన్న గడువు మహా అయితే 60 రోజులు. ఈలోగా మరొకటి దొరకాలి, లేదా సందర్శకుల వీసాకు మార్చమని దరఖాస్తు పెట్టుకోవాలి, అదీ కాదంటే పెట్టె సర్దుకోవాలి. ఊళ్ళో నాన్నకు సంగతి చెప్పలేదు.

ఆ దరఖాస్తు కోసం ఒకరోజు 63 కాగితాలు ప్రింటు తీసి డబ్బులివ్వబోతే, లైబ్రేరియన్ తలెత్తకుండానే "ఈరోజు ప్రింట్లకు డబ్బులు తీసుకోవడం లేదు" అంది. సంతోషంగా వచ్చేశాను. మర్నాడు యంత్రం పక్కన బోర్డు కనబడింది: కాగితానికి 15 సెంట్లు. అంటే 9 డాలర్ల 45 సెంట్లు ఆమె నాకు దానం చేసిందన్నమాట. కృతజ్ఞత కలగలేదు సరికదా, ఒళ్ళు మండింది. ఉద్యోగం తీసేసిన రోజున కూడా అంత చిన్నతనం అనిపించలేదు. నా మొహంలో ఆమెకు ఏం కనిపించింది? బయట బల్ల మీద డబ్బా విప్పి పెరుగన్నం తినడం చూసిందా? మనవైపు ఇచ్చేవాడు చెప్పి మరీ ఇస్తాడు, గుడిలో ఫ్యాను రెక్క మీద కూడా ఇంటిపేరుతో సహా రాయించుకుంటాడు. దాన్ని వేళాకోళం చేస్తాం గాని, పుచ్చుకునేవాడికి వద్దనే వీలైనా ఉంటుంది కదా. ఈమె నాకు ఆ వీలు కూడా లేకుండా చేసింది.

ఆ వారంలోనే ఆమె ఒక నవల తీసి, ఇది ఈ చుట్టుపక్కల కథే అంటూ చేతికిచ్చింది. అమెరికన్ రచయిత స్టైన్‌బెక్ రాసిన 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్'. ఓక్లహామాలో భూములు పోగొట్టుకొని కాలిఫోర్నియాకు వలస వచ్చిన కౌలురైతుల గోడు అది. 1939లో అచ్చయిన కొన్ని నెలలకే బేకర్స్‌ఫీల్డ్ ఉన్న ఈ కెర్న్ కౌంటీ (మన జిల్లా లాంటిది) పాలకులే దాన్ని తమ లైబ్రరీల్లో, బడుల్లో నిషేధించారు. అది తగదని అప్పటి కౌంటీ లైబ్రేరియన్ గ్రెచెన్ నీఫ్ వాళ్ళకే ఉత్తరం రాసింది. అయినా 1941 దాకా నిషేధం తొలగలేదు.

పదిహేనో అధ్యాయంలో 66వ నంబరు రహదారి పక్కన ఒక హోటల్ ఉంటుంది. వలసపోతున్న ఒక తండ్రి, పదిహేను సెంట్ల రొట్టెను పది సెంట్లకు అడిగి, వంటవాడు ఇచ్చెయ్యమని కసరబట్టి ఎలాగో దక్కించుకుంటాడు. ఈలోగా అతని ఇద్దరు పిల్లలు మిఠాయి కడ్డీల వైపు గుడ్లప్పగించి చూస్తుంటారు. సెంటుకు ఒకటా అని అతను అడిగితే, అక్కడ వడ్డించే మే అనే ఆవిడ సెంటుకు రెండు అంటుంది. నిజానికి ఒక్కొక్కటి ఐదు సెంట్లు. వాళ్ళు వెళ్ళాక ఒక లారీ డ్రైవరు ఆ అబద్ధాన్ని పట్టేస్తాడు.

ఆ తండ్రి మాత్రం నమ్మాడా? ఆ పుట దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. చేతిలో చిల్లరను పదిసార్లు ఎంచుకొనేవాడికి ధరలు తెలియకుండా ఉంటాయా? తెలిసే, పిల్లల కోసం నమ్మినట్టు ఊరుకొని ఉంటాడని రెండోసారి చదివినప్పుడు అనిపించింది. మర్నాడు లైబ్రరీకి వెళ్ళాను గాని, బోర్డు సంగతి ఎత్తలేదు.

ఏడో వారంలో ఉద్యోగం దొరికాక నాన్నకు ఫోన్లో అంతా చెప్పాను. ఇలా ఇవ్వడం మనవాళ్ళకు చేతకాదని, ఫ్యాను రెక్కల మాట కూడా అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు.

"నీ ఇంజనీరింగు ఫీజు కట్టిన ఏడాది షావుకారు నూలు పద్దులో మన బాకీ తక్కువ రాసేవాడురా. నేను చూసేవాణ్ణి. చూస్తున్నానని ఆయనకూ తెలుసు" అన్నారు. తర్వాత, "ఆ అమ్మాయికి డబ్బులు తిరిగిచ్చావా?" అని అడిగారు.

"లేదు నాన్నా."

"మంచి పని చేశావు."