ఆదివారం మాత్రం దిగకండి

చదువుకోవడానికి జర్మనీకొచ్చి ఐదు రోజులైంది. జరిమానా చీటీ ఇంకా టేబుల్ మీదే ఉంది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

మాది కోస్గి పక్కన పల్లె. జిల్లా ఇప్పుడు నారాయణపేట అయినా నోటికి పాలమూరే వస్తుంది. రాకముందు సంగతులు రెండు ముక్కల్లో చెప్పేస్తా. సర్టిఫికెట్ల పరిశీలనకు ఏపీఎస్, 18,000 రూపాయలు. ఇక్కడి ఖర్చులకని ముందే కట్టిపెట్టే బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు. అది మన డబ్బే, నెలకు 992 చొప్పున మనకే వస్తుంది, భయపడకండి. లోన్‌కు మూడెకరాల కాగితాలు బ్యాంకులో పడ్డాయి. వీసా వచ్చింది. అన్నీ టైం తినేవే కానీ ఏడిపించేవి కావు.

నన్ను పంపిన కన్సల్టెన్సీవాడి గురించి మాత్రం చెప్పాలి. "సండే దిగే ఫ్లైట్ చీప్ బ్రో" అని బుక్ చేయించాడు. హాస్టల్ తాళాలిచ్చే మనిషి ఆదివారం ఉండడని, ఈ దేశంలో ఆదివారం దుకాణాలు మూసేస్తారని ఒక్క ముక్క చెప్పలేదు. మా నాయిన పదిహేనేళ్లు పుణె, బొంబాయి పనులకు పోయినవాడు. వాళ్లను తీసుకుపోయే గుంపు మేస్త్రీని మా ఊళ్లో తిట్టనివాళ్లు లేరు. కానీ ఆ మేస్త్రీయే నయం, కనీసం బస్సులో వెంట కూర్చునేవాడు.

శంషాబాద్‌లో నాయిన చెప్పింది ఒక్కటే మాట. "కొత్త ఊళ్లె తొవ్వ అడగాలంటే దుకాణపాయన్ని అడుగు బిడ్డా. నిలబడ్డోన్ని అడగకు. తప్పు చెప్పి పోతడు. దుకాణపాయన యాడికి పోడు."

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి తూర్పు వైపు ఆరు గంటలు రైలు. అదేం కష్టం కాలేదు. చిన్న స్టేషన్లో దిగి బయటికొస్తే ఒక్క షట్టర్ తెరిచిలేదు. అడగడానికి దుకాణపాయన ఏడీ? తీసుకుపోతానన్న సీనియర్ ఫోన్ స్విచాఫ్.

ట్రామ్ స్టాప్ దగ్గర మెషిన్‌లో చిల్లర వేసి టికెట్ కొన్నా. సొంతంగా కొన్న మొదటి టికెట్ అని మడత పడకుండా పాస్‌పోర్టులో పెట్టుకున్నా. రెండు సూట్‌కేసులు ఎక్కించేసరికి చెమటలు పట్టాయి. గుర్తుకుంటుందని ఒకదానికి అమ్మ ఎర్ర రవిక గుడ్డ కట్టింది. దాని కొస తలుపులో ఇరుక్కుంది. అది లాగుతుండగా మామూలు జాకెట్లేసుకున్న ఇద్దరు లేచి కార్డులు చూపించారు. చెకింగ్.

నేను దర్జాగా టికెట్ తీసి ఇచ్చా. అటు తిప్పారు, ఇటు తిప్పారు. "స్టాంప్?" అన్నాడొకడు. నాకర్థం కాలేదు. ట్రామ్ స్తంభానికి ఉత్తరాల డబ్బా అంత పెట్టె ఒకటి ఉంది. కొన్న టికెట్‌ను అందులో పెట్టి టైం కొట్టించుకోవాలట. కొట్టించకపోతే కొననట్టే. 60 యూరోలు, అంటే ఆరు వేలు.

పదిహేను వేలు పోసి నేర్చుకున్న ఏ-1, అంటే మొదటి మెట్టు జర్మన్‌లో ఒక్క ముక్క నోటికి రాలేదు. "నా తప్పు లేదు సారూ, ఇప్పుడే కొన్న" అని తెలుగులో అన్నా! ట్రామ్ మొత్తం నన్నే చూస్తోంది. పాస్‌పోర్టు అడిగి తీసుకున్నారు. ఒకాయన చేతి మిషన్‌లో నా పేరు ఒక్కో అక్షరం కొడుతుంటే, ఎర్ర గుడ్డ పట్టుకుని దొంగలా నిలబడ్డా.

నాయిన ఒకసారి జనరల్ టికెట్‌తో వేరే డబ్బా ఎక్కి టీసీకి దొరికిన కథ మా ఇంట్లో పెద్ద కామెడీ. టీసీ గొంతు, తన గొంతు రెండూ చేసి చూపేవాడు. కడుపుబ్బ నవ్వేవాళ్లం. ఆ రోజు నాయిన ఎట్లా నిలబడ్డాడో ఎప్పుడూ అడగలేదు.

ముందు సీట్లోంచి ఒక ముసలామె లేచింది. డెబ్బై దాటి ఉంటుంది, చక్రాల సంచి ఒకటి. నా టికెట్ వైపు, సూట్‌కేసుల మీది ఎయిర్‌పోర్టు ట్యాగుల వైపు చూపించి వాళ్లతో గట్టిగా వాదించింది. వాళ్లు వినలేదు, చీటీ చేతిలో పెట్టి దిగిపోయారు. జరిమానా తప్పలేదు, అది తప్పించి ఉంటే ఇది సినిమా అయ్యేది. కానీ ఆమె నన్ను ఊరికే వదల్లేదు. నేను పోతున్నది తప్పు దిక్కట. తర్వాతి స్టాపులో నాతోపాటు దిగింది, ఒక సూట్‌కేసు తనే లాగింది. ఎదురు ప్లాట్‌ఫాం మీద ఇరవై నిమిషాలు పక్కనే నిలబడింది. ఇద్దరికీ మాటల్లేవు. ట్రామ్ రాగానే తనూ ఎక్కి, నా చేయి పట్టి పెట్టె దగ్గరికి తీసుకెళ్లి, ఆ టికెట్‌నే లోపలికి తోయించింది. టక్కుమంది. తేదీ, టైం పడ్డాయి. చూశావా అన్నట్టు తలూపింది. సంచిలోంచి రెండు ఆపిళ్లు తీసి నా జేబులో కుక్కి తలుపు మూసుకునేలోపు దిగిపోయింది. మచ్చలున్న చిన్న కాయలు, ఎవరింటి చెట్టువో. పేరు కూడా అడగలేదు నేను.

హాస్టల్‌కు తాళం. మెట్ల మీద గంటన్నర కూర్చున్నా. చెత్త పారేయడానికి వచ్చిన సిరియా కుర్రాడు చూసి, ఏమీ అడగకుండా వాళ్ల వంటింటి సోఫా చూపించాడు. అమ్మ ఎండబెట్టి పెట్టిన జొన్నరొట్టె విరిచి మామిడి తొక్కుతో ఇచ్చా. తొక్కుకు కళ్ల నీళ్లు పెట్టుకున్నాడు, ఇంకో ముక్క అడిగాడు. సీనియర్ మాత్రం మంగళవారం "సారీ బ్రో, నిద్రపోయా" అని మెసేజ్ పెట్టాడు. వచ్చేవాళ్లకు నేను చెప్పేది, మనవాడున్నాడన్న ధీమాతో ఫ్లైటెక్కకండి. వారం మధ్యలో దిగేలా బుక్ చేసుకోండి, వెయ్యి ఎక్కువైనా సరే.

సోమవారం పది నిమిషాల్లో తాళాలిచ్చారు. మా యూనివర్సిటీలో విద్యార్థి కార్డు ఉంటే ట్రామ్ టికెట్టే అక్కర్లేదట, అది వింటే ఒళ్లు మండింది. జరిమానా ఈ పొద్దున కట్టేశా.

నిన్న రాత్రి నాయిన ఫోన్ చేశాడు. "తొవ్వ దుకాణపాయన్నే అడిగినవా బిడ్డా?"

"ఆఁ, ఆయన్నే అడిగిన" అన్నా.