జలుబే, ఒట్టు!

ఒళ్ళు మండిపోతోంది, ఇక్కడ కక్కేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు. చిన్నోడికి జలుబు. ముక్కు కారుతోంది, తుమ్ములు, గొంతు గరగర, జ్వరమైతే లేదు. చూడబోతే మామూలు జలుబే, కానీ కరోనా వచ్చాక ఆ మాట గట్టిగా అనే ధైర్యం ఎవరికుంది.

ఈయన సంగతి తెలుసుగా, పొద్దున్నించి ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూపించే ఆక్సీమీటర్ పట్టుకుని వాడి వెనకాలే. 98 చూపిస్తే నమ్మకం లేక ఇంకో వేలికి పెడతారు. వేళ్ళు చల్లగా ఉంటే తప్పు చూపిస్తుందండీ, కాస్త రుద్ది పెట్టండి అంటే వినరే, ఓసారి 93 అని వచ్చేసరికి మనిషి మొహం పాలిపోయింది, వాడేమో మంచం మీద గెంతుతున్నాడు. ఇల్లంతా శానిటైజర్ వాసనొకటి. కరోనాకి పైన కొవ్వు పొరుంటుంది కాబట్టి దానికి పనిచేస్తుంది, మామూలు జలుబు తెచ్చే రైనోవైరస్‌కి ఆ పొరే లేదు మహానుభావా, సబ్బుతో చేతులు కడుక్కోవడమే నయం అంటే గూగుల్ పండితురాలినట నేను.

సరే, అసలు మంట అది కాదు. సాయంత్రం కిట్‌తో కరోనా టెస్ట్ చేస్తే ఒక్క గీతే వచ్చింది, అంటే నెగటివ్. అంతే, అత్తయ్య "లేదని వచ్చిందిగా" అంటూ తిన్నగా వాడి గదిలోకెళ్ళి పక్కలో పడుకోబెట్టుకున్నారు, మాస్కు గడ్డం కింద! మొదట్లో నెగటివ్ వచ్చినంత మాత్రాన లేనట్టు కాదు, 48 గంటలాగి మళ్ళీ చెయ్యాలి అని ఎంత మొత్తుకున్నానో. డెబ్భై దాటాయి, షుగరుంది. "ముగ్గురు పిల్లల జలుబులూ అంటించుకున్నాను, ఏమైపోయాను" అంటారు. ఆడపడుచేమో ఫోన్ చేసి "అమ్మని జాగ్రత్తగా చూసుకో వదినా" అని నాకే చెప్తుంది. ఆ ముక్క మీ అమ్మకి చెప్పమ్మా అంటే నవ్వి పెట్టేసింది.

మా చిన్నప్పుడు జలుబొస్తే బడి ఉండేది కాదు, అందుకని నాకు భలే ఇష్టం. అక్కకొస్తే నాకు, నాకొస్తే తమ్ముడికి, ముగ్గురికీ ఒకటే దుప్పటి, ఒకటే తువ్వాలు. ముక్కులు మూసుకుపోయి పడుకోలేకపోతే అమ్మ గోడకి ఆనుకుని నన్ను ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకునేది. కళ్ళు మూతలు పడుతున్నా వీపు మీద చెయ్యి మాత్రం ఆగేది కాదు. ఓసారి తమ్ముడికి ఆ వైభోగం నడుస్తుంటే కుళ్ళుకుని రాని దగ్గు దగ్గాను, అమ్మ ఏమీ అనకుండా నాకూ దుప్పటి కప్పి ఆవిరి పట్టించింది, ఉడికి చచ్చాననుకోండి, ఇప్పటికీ తమ్ముడు ఎత్తుతుంటాడు.

ఇది రాస్తుంటే అత్తయ్య మీద కోపం సగం చల్లారింది. తలుపు బయట కంచం పెట్టి పారిపోతే పిల్లాడికేం బాగుంటుంది పాపం, ఆవిడ చేసిందే కరెక్టేమో.

లేదు, కాదు. అప్పుడు మా అమ్మకి ముప్పై ఏళ్ళు కూడా లేవు. వాడి పక్కన ఎవరో ఒకరు ఉండాల్సిందే, అది నేనుంటాను, మాస్కు పెట్టుకుని, కిటికీలు తెరిచి. ఈవిడ మాత్రం గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని ఎన్ని కబుర్లైనా చెప్పుకోవచ్చు.

ఎల్లుండి మళ్ళీ నెగటివ్ వస్తే "నే చెప్పలా" అంటారు. పాజిటివ్ వచ్చినా ఆ మాటే అంటారు లెండి.